అరిచి చెప్పినా అర్థం కాలేదు: నా వినికిడి మిషన్ అనుభవం

సిరిసిల్లలో నాతోపాటు సాంచాలు నడిపినవాళ్లలో చెవులు బాగున్నవాళ్లు నాకు తెలిసి తక్కువే. మరమగ్గాన్ని మేం సాంచ అంటాం. ఒక కార్ఖానాలో అన్ని సాంచాలూ ఒకేసారి నడుస్తుంటే పక్కన నిలబడ్డ మనిషి మాట కూడా వినపడదు. ఇరవై ఏళ్లకు పైగా అదే నా పని. ఇప్పుడు వరంగల్ చౌరస్తా దగ్గర ఒక బట్టల దుకాణంలో చేస్తున్నాను. రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటాను. చప్పుడు నాకు బాగానే వినపడుతోందని, మాటే స్పష్టంగా తెలియడం లేదని అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు పోయాయి. నాలాంటివాళ్లు మన ఊళ్లలో ఇంటికొకరు ఉన్నారు. వాళ్లకు అరిచి చెప్పేవాళ్లూ ఉన్నారు. వాళ్లందరి కోసం ఇది రాస్తున్నాను.

కార్ఖానాలో మేం నోటితో తక్కువ, కళ్లతో ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం. నూలు చుట్టిన కండెలు అయిపోయాయంటే వేళ్లతో ఒక సైగ, పోగు తెగిందంటే ఇంకో సైగ, ఆసామి, అంటే సాంచాల యజమాని, వస్తున్నాడంటే కనుబొమ్మ ఎగరేస్తే చాలు. మిగతాది ఎదుటివాళ్ల పెదవులు చూసి పట్టుకునేవాళ్లం. ఇంటికి వచ్చినా ఆ అలవాటు పోయేది కాదు. అందుకే నా వినికిడి ఎప్పుడు తగ్గడం మొదలైందో నాకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ తెలియలేదు. పన్నెండు గంటల షిఫ్ట్ దిగాక చెవుల్లో జుయ్‌మని మోత ఉండేది, తెల్లారేసరికి పోయేది. కొన్నాళ్లకు అది తెల్లారినా ఉండిపోయింది. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ సిరిసిల్లకు వచ్చాక రాత్రీ పగలూ సాంచాలు నడిచాయి. చేతినిండా పని దొరికిందని అందరం సంతోషపడ్డాం. ఆ సమయంలో చెవుల గురించి ఎవరు ఆలోచిస్తారు?

తర్వాత బిడ్డ చదువు కోసం వరంగల్ వచ్చి దుకాణంలో కుదిరాను. 2020లో కరోనా వచ్చి అందరి మొహాలకూ మాస్కులు పడ్డాక అసలు సంగతి బయటపడింది. పెదవులు కనపడకపోయేసరికి గిరాకీల మాట సగం కూడా అందలేదు. ఏదో అడుగుతున్నారని తెలుస్తుంది, ఏం అడుగుతున్నారో తెలియదు. పట్టు చీర అడిగితే కట్టు చీర అన్నట్టు వినపడేది. కొంచెం గట్టిగా చెప్పమంటే అరిచేవాళ్లు. అరిచినా అంతే. ఆ అరుపులోని విసుగు మాత్రం బాగా తెలిసేది. ఇంట్లో బిడ్డ కూడా "బాపూ, ఎన్నిసార్లు చెప్పాలె" అనేది. నేను నెమ్మదిగా మాటలు తగ్గించాను. పెళ్లికి పోతే ఓ పక్కన కూర్చోవడం, ఫోన్ మోగితే మా ఆవిడకు ఇవ్వడం, నలుగురూ నవ్వినప్పుడు నవ్వడం. వినికిడి తగ్గినవాళ్లకు ఇవన్నీ తెలిసిన సంగతులే.

చివరికి మా ఆవిడే పట్టుబట్టి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈఎన్‌టీ ఓపీలో డాక్టర్ ముందు చెవిలో లైటు వేసి చూశారు. గుబిలి గట్టిపడి ఉంటే తీసేశారు. కొందరికి వినపడకపోవడానికి కారణం ఆ గుబిలి ఒక్కటే అవుతుందట, అది తీస్తే చాలట. కర్ణభేరికి చిల్లు ఉందా, చీము కారుతోందా అని చూశారు. అవేవీ లేవు. ఆ రోజు ఆయన చెప్పిన ఒక సంగతి నాకు సంబంధించింది కాకపోయినా ఇక్కడ రాయాలి. చెవి ఉన్నట్టుండి ఒకటి రెండు రోజుల్లోనే వినపడకుండా పోతే దాన్ని ఎమర్జెన్సీగా చూడాలి. చుక్కల మందు వేసుకుంటూ ఇంట్లో కూర్చోకూడదు. స్టెరాయిడ్ మందులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, రెండు వారాలు దాటితే వాటి ఫలితం బాగా తగ్గిపోతుంది.

నన్ను ఆడియోగ్రామ్‌కు, అంటే వినికిడి ఎంతుందో కొలిచే పరీక్షకు పంపారు. చిన్న గది, మందపాటి తలుపు, గోడలకు స్పాంజి. తలుపు వేయగానే బయటి సందడంతా ఆగిపోయి నా చెవుల్లోని మోత ఒక్కటే మిగిలింది. అద్దం అవతల ఆ పరీక్ష చేసే ఆడియాలజిస్ట్, మా బిడ్డకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. హెడ్‌ఫోన్ పెట్టి, చేతికి బటన్ ఇచ్చి, "అంకుల్, ఎంత సన్నగా వినపడినా నొక్కండి. వినపడిందా లేదా అని అనుమానం వచ్చినా నొక్కండి" అంది. మొదట బొంగురుగా బూ బూ అనే శబ్దాలు వచ్చాయి. వాటికి టకటకా నొక్కేశాను. తర్వాత శబ్దం సన్నబడుతూ పోయింది. కాసేపటికి ఏమీ వినపడలేదు. పరీక్ష అయిపోయిందేమో అనుకుని తల తిప్పితే అద్దంలోంచి ఆ అమ్మాయి చెయ్యి ఇంకా కదులుతూనే ఉంది. శబ్దం వస్తూనే ఉందని, నా చెవికే అందడం లేదని అప్పుడు తెలిసింది. గుండె గుభేలుమంది.

తర్వాత చెవి వెనక ఎముక మీద ఒక చిన్న బిళ్ల లాంటిది పెట్టి మళ్లీ అదే పరీక్ష చేశారు. శబ్దం ఎముక గుండా నేరుగా లోపలి చెవికి పోతుందట. అలా పంపినప్పుడు బాగా వినపడితే అడ్డంకి బయటి చెవిలోనో మధ్య చెవిలోనో ఉన్నట్టు. నాకు సన్నని శబ్దాలు అలా కూడా వినపడలేదు కాబట్టి లోపలే దెబ్బతిన్నట్టు.

బయటికి వచ్చాక నా కాగితం ముందు పెట్టి వివరించింది. అడ్డంగా 250 నుంచి 8000 హెర్ట్జ్ వరకు గీతలు, ఎడమ వైపు బొంగురు శబ్దాలు, కుడి వైపు సన్ననివి. నిలువుగా శబ్దం ఎంత గట్టిదో చెప్పే డెసిబెల్స్, గుర్తు ఎంత కిందికి పడితే వినికిడి అంత పోయినట్టు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. నావి 500 దగ్గర 25లో ఉన్నాయి, అంటే దాదాపు మామూలే. అక్కడి నుంచి జారుకుంటూ 4000 దగ్గర 70కి పడి, 8000 దగ్గర కొంచెం పైకి లేచాయి. ఆ గుంట మీద పెన్ను పెట్టి, "మీరు పెద్ద చప్పుడులో పనిచేశారా అంకుల్?" అని అడిగింది. సాంచాల సంగతి నేను అప్పటికి చెప్పనే లేదు.

ఆ తర్వాత ఆమె చెప్పింది విన్నాకే నా సమస్య నాకు అర్థమైంది. మాటలో అచ్చులకు బలం ఎక్కువ, అవి బొంగురు వైపు ఉంటాయి. స, శ, చ, త, ప, క లాంటి వాటి గుర్తులు సన్నని వైపు ఉంటాయి, వాటికి బలం తక్కువ. నాకు పోయింది ఆ సన్నని వైపే. అందుకే పప్పు, తప్పు, కప్పు మూడూ నాకు ఒకేలా వినపడేవి. ఎదుటివాళ్లు అరిస్తే పెరిగేది ఎక్కువగా అచ్చుల చప్పుడే. నాకు ముందే వినపడుతున్నది ఇంకా మోతగా వినపడుతుంది, వినపడనిది వినపడకుండానే ఉంటుంది. ఇన్నేళ్లూ ఇంట్లో జరిగిన గొడవలన్నిటికీ కారణం ఆ ఒక్క కాగితం మీద ఉంది. మా ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని చూసింది.

మందులతో బాగవుతుందా అని అడిగాను. కాదంది. లోపలి చెవిలో నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది, దాంట్లో వెంట్రుకల్లాంటి సన్నని మొనలున్న కణాలు ఉంటాయి. పెద్ద చప్పుడుకు అవి చచ్చిపోతే మనుషుల్లో మళ్లీ పుట్టవు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకు ఎనిమిది గంటలు దాటి ఉండకూడదని, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ సమయం సగానికి తగ్గుతుందని చెప్పింది. మేం పన్నెండు గంటలు చేసేవాళ్లం. మన దేశంలో ఫ్యాక్టరీల నిబంధనలు ఎనిమిది గంటలకు 90 డెసిబెల్స్ దాకా ఒప్పుకుంటాయి. చప్పుడు వల్ల వచ్చే చెవుడును నష్టపరిహారం ఇవ్వాల్సిన వృత్తి జబ్బుల పట్టికలో చట్టం ఎప్పుడో చేర్చింది. కానీ నేను ఏ సాంచ మీద ఎన్నేళ్లు చేశానో చెప్పే కాగితం ఏ ఆసామి దగ్గరా లేదు. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దాంతో వచ్చే పింఛను గురించి చాలామంది అడుగుతారు కాబట్టి చెబుతున్నా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ మాట వినే స్థాయిల్లో 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టం ఉంటే వినికిడి లోపం కింద, 70 అంతకు పైన అయితే బధిరుల కింద లెక్క. ఒక్కచోట 70కి పడినా మిగతావన్నీ కలిపి సగటు తీస్తే నాది 60 దగ్గరికి కూడా రాదు. కాబట్టి పింఛను రాదు. పూర్తిగా వినపడని వాళ్లకు దక్కాల్సింది నాకు రాలేదని బాధ లేదు, కానీ మాట అర్థంకాక పనులు పోగొట్టుకుంటున్న నాలాంటివాళ్లు ఆ లెక్కలో ఎక్కడా కనపడరు.

ఆపరేషన్ చేసి లోపల మిషన్ పెడతారట కదా అని మా తోడల్లుడు అన్నాడు. అది కాక్లియర్ ఇంప్లాంట్. దాని గురించి నాకు బాగా తెలిసింది ఆడియాలజిస్ట్ గది బయట బెంచీ మీదే. పరకాల వైపు నుంచి ఒక జంట నాలుగేళ్ల పాపతో వచ్చింది. పాప చెవి వెనక ఒక మిషన్, అక్కడి నుంచి సన్నని వైరు, తల మీద వెంట్రుకల్లో అయస్కాంతంతో అతుక్కున్న గుండ్రటి బిళ్ల. పుట్టినప్పుడే వినికిడి లేదట. మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని చుట్టాలందరూ అంటుంటే రెండేళ్లు గడిచిపోయాయట. శబ్దానికి చెవి నరం, మెదడు స్పందిస్తున్నాయో లేదో చూసే బెరా పరీక్ష చేయించి, ముందు కొన్ని నెలలు మామూలు మిషన్లు పెట్టి చూసి, లాభం లేకపోతే ఆరోగ్యశ్రీ కింద హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించారు. లోపల కాక్లియాలోకి ఒక సన్నని తీగ పంపిస్తారు. పాడైపోయిన కణాలను దాటేసి అది నేరుగా నరానికి సంకేతం ఇస్తుంది. కుట్లు మానాక కొన్ని వారాలకు మిషన్ ఆన్ చేస్తారు.

ఆ తల్లి నాతో అన్న మాట: "మిషన్ పెట్టంగనే మాటలు రాలే అన్నా. రోజూ చెప్పుకుంట పోవుడే." బెంచీ మీద కూడా ఆమె అదే పని చేసింది. పాప పక్కన కూర్చుని, తన మొహం పాపకు కనపడకుండా, "బస్సు ఏది?" అని అడిగింది. పాప చేతిలోని బొమ్మల్లోంచి బస్సు తీసి చూపించింది. మళ్లీ "బంతి ఏది?" అంది. పెదవులు చూసి చెప్పకుండా చెవితోనే పట్టుకోవడం నేర్పుతారట. నేను ఇన్నేళ్లూ పెదవుల మీదే బతికాను, ఆ పాప వాటిని చూడకుండా నేర్చుకుంటోంది. ఎంత ఓపిక ఆ తల్లికి! ప్రతి వారం బస్సెక్కి థెరపీకి తీసుకొస్తోంది.

పుట్టిన పిల్లలకు నెలలోపు వినికిడి పరీక్ష, అనుమానం ఉంటే మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషన్ లేదా థెరపీ మొదలవ్వాలన్నది ఇప్పుడు డాక్టర్లు పాటించే లెక్క. ఓఏఈ అనే ఆ మొదటి పరీక్ష బిడ్డ నిద్రలో ఉండగానే నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు. ఇంప్లాంట్ కావాల్సిన చిన్నపిల్లలకు ఆరోగ్యశ్రీ కాకుండా దివ్యాంగులకు పరికరాలు ఇచ్చే కేంద్రం వాళ్ల అడిప్ పథకం కూడా ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, వినికిడి లోపాల కోసం కేంద్రం నడిపే అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రంలో అడగొచ్చు. మేనరికం పెళ్లిళ్లు జరిగిన ఇళ్లలో ఈ సంగతి ఇంకా జాగ్రత్తగా పట్టించుకోవాలి.

నాకు ఇంప్లాంట్ అవసరం లేదని ఆడియాలజిస్ట్ తేల్చి చెప్పింది. మంచి మిషన్లు పెట్టినా మాట అందనంత నష్టం ఉన్నవాళ్లకే అది. ఆ ఆపరేషన్‌లో చెవిలో మిగిలి ఉన్న సహజమైన వినికిడి పోయే ప్రమాదం కూడా ఉంటుంది. నాకు బొంగురు వైపు వినికిడి బాగుంది, దాన్ని పోగొట్టుకోవడం దేనికి? కర్ణభేరి పాడై ఎప్పుడూ చీము కారే వాళ్లకు ఎముక ద్వారా శబ్దం పంపే ఇంకో రకం మిషన్లు ఉన్నాయి, అవి కూడా నా కోసం కాదు.

ఇక మిషన్లు కొనడం. హనుమకొండలో ఒక దుకాణంవాళ్లు నా ఆడియోగ్రామ్ అడగను కూడా అడగలేదు. సగం ధర ఆఫర్ ఈ రోజే ఆఖరు, ఒక చెవికి చాలు అన్నారు. పెట్టి చూపిస్తే నా గొంతు నాకే బిందెలో తల పెట్టి మాట్లాడినట్టు వినపడింది. అక్కడి నుంచి వచ్చేశాం. ఆన్‌లైన్‌లో రెండు వేలలోపు వచ్చేవి కూడా చూశాను. అవి అన్ని శబ్దాలనూ ఒకేలా పెంచే యాంప్లిఫయర్లు. నా విషయంలో అది కూడా అరవడమే.

తర్వాత వెళ్లిన చోట నా ఆడియోగ్రామ్‌ను కంప్యూటర్లో ఎక్కించి, 2000 హెర్ట్జ్ నుంచి పైన మాత్రమే ఎక్కువ పెంచారు. చెవి వెనక చిన్న మిషన్, సన్నని వైరు, చెవి లోపల చిల్లులున్న మెత్తటి సిలికాన్ టోపీ. ఆ చిల్లుల గుండా బొంగురు శబ్దాలు మామూలుగానే వస్తాయి కాబట్టి నా గొంతు నాకు గుమ్మనలేదు. రెండు చెవులకూ పెడితేనే మాట ఏ దిక్కు నుంచి వస్తోందో తెలుస్తుందని, సందడిలో మాట పట్టుకోవడం సులువవుతుందని చెప్పారు, నేను పెట్టుకుని చూశాక అది నిజమే అనిపించింది. కొనకముందే కొన్ని రోజులు ఇంటికీ దుకాణానికీ పెట్టుకుపోయి చూడనిచ్చారు. ఈ ట్రయల్ ఇవ్వనివాళ్ల దగ్గర కొనొద్దని నేను అందరికీ చెబుతున్నా. రెండింటికీ కలిపి 58 వేలు అయింది. మా స్తోమతకు పెద్ద మొత్తమే. దుకాణం సేటు దగ్గర కొంత అడ్వాన్స్ తీసుకున్నాను. లక్షల ఖరీదువి కూడా ఉన్నాయి, కానీ నా చెవికీ నా పనికీ అవి అక్కర్లేదని ఆడియాలజిస్టే చెప్పింది.

మొదటి వారం కష్టం. కవర్ నలిగితే కరకర, చీర మడత విప్పితే గలగల, ఫ్యాన్ రొద, గిన్నెల చప్పుడు, అన్నీ మీద పడ్డాయి. బండి ఇండికేటర్ టిక్కుటిక్కుమంటుందని మళ్లీ తెలిసింది. తీసి పక్కన పెట్టేయాలనిపించింది. చాలామంది ఈ దశలోనే డబ్బాలో పెట్టేసి, మిషన్ పనిచేయలేదంటారు. ఏళ్ల తరబడి మెదడుకు అందని శబ్దాలు ఒక్కసారిగా వస్తే, వాటిలో ఏది వదిలేయాలో అది మళ్లీ నేర్చుకోవాలి. అందుకే ఆడియాలజిస్ట్ ముందు తక్కువ పెంచి పంపింది. ఇంట్లో రోజుకు కొద్ది గంటలతో మొదలుపెట్టి, తర్వాత దుకాణంలో, తర్వాత బజారులో పెట్టుకోమంది. మధ్యమధ్య పిలిచి సెట్టింగ్ పెంచింది. రెండు మూడు నెలలకు ఫ్యాన్ రొద నాకు వినపడటం మానేసింది. చెవుల్లో మోత కూడా మిషన్ పెట్టుకున్నంతసేపు తగ్గినట్టే ఉంటుంది. రాత్రి తీసేస్తే మళ్లీ తెలుస్తుంది.

వీటి పోషణ కూడా చెప్పాలి. నాది బ్యాటరీ మిషన్, గోధుమరంగు స్టిక్కర్ ఉన్న 312 నంబర్. స్టిక్కర్ తీశాక గాలి తగలడానికి ఒక నిమిషం ఆగి వేస్తే బ్యాటరీ ఎక్కువ రోజులు వస్తుంది, నాకు వారం దాకా వస్తోంది. రాత్రి బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెడతాను. మన ఎండాకాలం చెమట, వానాకాలం తేమ ఈ మిషన్లకు పెద్ద శత్రువులు. గుబిలి అడ్డుపడితే మిషన్ చచ్చిపోయినట్టు ఉంటుంది, చిన్న ఫిల్టర్ మారిస్తే మళ్లీ పలుకుతుంది.

మిషన్లతో నా వినికిడి మామూలుగా అయిపోలేదు. పక్కనుంచి మాట్లాడితే, వంటింట్లోంచి పిలిస్తే, టీవీ నడుస్తుంటే ఇప్పటికీ జారిపోతుంది. అందుకని ఆడియాలజిస్ట్ మా ఆవిడనూ బిడ్డనూ కూర్చోబెట్టి చెప్పింది. ముందు పేరు పిలిచి, నేను వాళ్ల వైపు చూశాక మాట మొదలుపెట్టాలి. వెలుతురు వాళ్ల మొహం మీద పడాలి, కిటికీకి వీపు పెట్టి మాట్లాడకూడదు. అర్థం కాకపోతే అదే మాట పదిసార్లు అనకుండా మార్చి చెప్పాలి. కప్పు అన్నది అందకపోతే చాయ్ గ్లాసు అంటే చాలు. బిడ్డ ఇది ఎంత తొందరగా నేర్చుకుందో! ఇప్పుడు బంధువులెవరైనా నా చెవి దగ్గరికొచ్చి అరిస్తే తనే ఆపి, "అట్ల వద్దు, బాపు ముంగట నిలవడి మెల్లగ చెప్పుర్రి" అంటుంది.

బ్యాంకులో అద్దం అవతలి మాట కోసం ఫోన్‌లో లైవ్ ట్రాన్స్‌క్రైబ్ అనే యాప్ వాడతాను. ఎదుటివాళ్లు మాట్లాడింది తెలుగులో రాసి చూపిస్తుంది, డబ్బులు కట్టక్కర్లేదు. మన యాస మాటలు కొన్ని తప్పు రాస్తుంది గానీ పని నడుస్తుంది.

మా దుకాణానికి పుట్టుకతో వినపడని భార్యాభర్తలు వస్తుంటారు. మిషన్లూ ఇంప్లాంటూ ఏవీ లేవు, ఇద్దరూ సైగల భాషలో గలగలా మాట్లాడుకుంటారు, రంగు మీద వాదించుకుంటారు, ధర మీద నాతో బేరమాడతారు. వాళ్లకు ఏదో లోటు ఉందని జాలిపడేవాళ్లు వాళ్లు చీర ఎంచుకోవడం ఒకసారి చూడాలి. భారతీయ సంజ్ఞా భాషకు 10 వేల పదాల నిఘంటువు కూడా ఉంది, ఢిల్లీలో 2015లో పెట్టిన కేంద్ర సంస్థ తయారుచేసింది. వాళ్ల దగ్గర ధరలు, కొలతలు, రంగుల సైగలు నేర్చుకున్నాను. కార్ఖానాలో చేతులతో మాట్లాడిన అలవాటు ఉండటంతో నాకు తొందరగా వచ్చాయి.

నా తమ్ముడు ఇంకా సిరిసిల్లలో సాంచాల మీదే ఉన్నాడు. నేను చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు ఒక డబ్బా పంపాను. వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి లోపలికి పెట్టి, ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పైపైన పెడితే పనికిరాదు. మొదట మిగతావాళ్లు విచిత్రంగా చూశారట, పోగు తెగితే తెలుస్తుందా అని అడిగారట. తెలుస్తోందని వాడే చూపించాడు. ఇప్పుడు రాత్రి షిఫ్ట్‌లో ఇంకో ఇద్దరు పెట్టుకుంటున్నారు, ఇంకో డబ్బా పంపమన్నాడు. వాడికి కూడా షిఫ్ట్ దిగాక చెవుల్లో మోత ఉంటోందట. దసరా సెలవుల్లో వరంగల్ వస్తాడు. సెలవులు ముగిసి ఓపీ తెరవగానే ఎంజీఎంలో వాడి ఆడియోగ్రామ్ చేయించి పంపుతాను.